సత్యజలమూ నిమ్మకాయలూ

పింగళపట్నం కోట సింహద్వారం ముందు ఒక్క క్షణమైనా నిలబడిపోని మనిషి ఉండడు. ఏడు నిలువుల తలుపులు, తలుపుల నిండా ఇత్తడి పద్మాలు, పద్మాల నడుమ కెంపుల కళ్ల సింహాలు, ఆ సింహాల నోళ్లలో వెండి గంటలు. తూర్పుగాలికి ఆ గంటలు గలగలమంటుంటే గంధర్వకన్యలు గజ్జెలు కట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది. కానీ ఆ ఉదయం గంటల కింద బారులు తీరిన జనంలో తలెత్తి చూసినవాడు లేడు. మిట్టమధ్యాహ్నం స్తంభాల నీడలు స్తంభాల పాదాల కిందికి చేరే వేళకు యువరాజు ఉదయార్కుడికి సత్యజల పరీక్ష జరగబోతోంది.

ఆ బారులో నడుముకు పిడిబాకు, తలకు తెల్లని పాగా, మూతి మీద గుబురు మీసాలతో ఒక యువసైనికుడు నిలబడి ఉన్నాడు. బాకు ఎరువు తెచ్చింది, మీసాలు మేకవెంట్రుకలవి. పాగా కింద మూరెడు జడ చుట్టచుట్టుకుని ఉంది. ఆ సైనికుడు అద్దకాల వీధి పిల్ల చెంగల్వ.

పాపం, చెంగల్వకు మీసాల కింద చెమట పడుతోంది. పడదూ మరి! నలభై రోజులుగా మహారాజు కళ్లు తెరవడం లేదు. ఎక్కడినుంచో వచ్చి రాజగురువునంటూ కొలువులో తిష్ఠ వేసిన మాంత్రికుడు ధూమకర్ణుడు, కన్నకొడుకే తండ్రికి విషం పెట్టాడని ప్రకటించాడు. సాక్ష్యాలు అక్కర్లేదట, సత్యజలం ఉందట. నేరం మోపినవాడి మీద తెల్లని వస్త్రం కప్పి ఆ జలం చల్లితే, నిర్దోషి వస్త్రం తెల్లగానే ఉంటుంది, దోషి పాపం నల్లగా పైకి తేలుతుంది. నల్లగా తేలినవాడికి పాతాళకూపమే గతి. ఇప్పటికి ముగ్గురు ఆ కూపంలోకి పోయారు. మొదటివాడు సిరా కాచే ముసలి లేఖకుడు. రెండోవాడు మూలికలు నూరే వైద్యుడు. మూడో మనిషి చెంగల్వ మేనత్త పోలాంబ.

తల్లీతండ్రీ లేని చెంగల్వను పెంచి, నడక రాకముందే రంగుతొట్టి అంచు పట్టుకుని నిలబడడం నేర్పింది పోలాంబే. ఆవిడ ఏదీ చెప్పి నేర్పేది కాదు. "ఇది పుల్లగా ఉంటుందా అత్తా? ఇది ఎర్రబడుతుందా అత్తా?" అని పిల్ల ఏమి అడిగినా ఒకటే జవాబు: "చెయ్యి పెట్టి చూశావటే?" పిల్ల చెయ్యి పెట్టి చూసేది. పసుపునీళ్లలో సున్నం వేసి ఎరుపు తెప్పించేది, నిమ్మకాయ పిండి మళ్లీ పసుపు చేసేది, చప్పట్లు కొట్టి అత్తను పిలిచేది. ఆ అత్తనే పోయిన పున్నమికి నిండు కొలువులో కూపంలోకి తోసేశారు. తోసేటప్పుడు ఆవిడ ఒంటి మీదున్న గుడ్డను నానబెట్టి ఆరేసింది తన చేతులే. ఆ సంగతి మూడు రోజుల కిందటే తెలిసింది చెంగల్వకు. అప్పటినుంచి అన్నం సహించడం లేదు.

ఎలా తెలిసిందంటే, ఒక భటుడి పంచె అద్దకాల వీధికి వచ్చింది. సత్యజలం పొరపాటున చిందిందట, మరకేమీ లేదు గానీ ఉతకమన్నాడు. చెంగల్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన బెల్లం, తుప్పు కలిసిన వాసన! అది ఏ దేవజలమూ కాదు. తుప్పుపట్టిన ఇనపముక్కలూ బెల్లమూ నీళ్లూ కుండలో పోసి మూడు వారాలు మూతపెట్టి ఉంచితే తయారయ్యే కసిం నీళ్లు. వడగట్టి, పన్నీరు కలిపి వాసన చంపాలని చూశారు, చావలేదు. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానిన గుడ్డ మీద కసిం పడితే కాకిరెక్కంత నలుపు. కరక్కాయ తగలని గుడ్డ మీద పడితే నీళ్లు నీళ్లే. ఈ ముక్క అద్దకాల వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వీధి దాటితే మహామంత్రికి కూడా తెలియదు. ఎందుకంటే వృత్తి గుట్టు వీధి దాటకూడదని తాతల నాటి కట్టుబాటు. దాటించినవాళ్లకు వీధిలో నిప్పూ నీళ్లూ పుట్టవు.

ధూమకర్ణుడి మనిషి నాలుగు తెల్లని గుడ్డలు తెచ్చి, "రంగు వెయ్యొద్దు, రంగుకు సిద్ధం చేసి ఇవ్వండి చాలు" అన్నప్పుడు, "రంగే వెయ్యనివాడికి సిద్ధం చెయ్యడం ఎందుకూ?" అని పోలాంబ అడిగింది. అడిగిన వారానికి ఆవిడ మీద నేరం మోపారు. నాలుగు గుడ్డల్లో మూడు అయిపోయాయి. నాలుగోది ఇవాళ యువరాజు ఒంటి మీదికి వస్తుంది.

అందుకే ఈ మీసాలు, ఈ బాకు. పాగాగా చుట్టుకున్నది కరక్కాయ ముఖం చూడని కొత్త గుడ్డ. నిన్ననే సాలెవాడి మగ్గం మీదనుంచి కోయించింది. ఎలాగైనా కొలువు పక్కనున్న వస్త్రమండపంలో దూరి, వెండి పళ్లెంలో ఉన్న గుడ్డ తీసేసి ఇది పెట్టాలి. సత్యజలం పడుతుంది, గుడ్డ తెల్లగానే ఉంటుంది, యువరాజు బతుకుతాడు.

"ఒరేయ్, ఆగక్కడ! చేతులు ముంచు!"

ఉలిక్కిపడి చూసింది. ద్వారపాలకుడు గండశిల, పేరుకు తగ్గ శరీరం, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతడి పక్కన రాగి గంగాళం. ఇవాళ కొత్త ఏర్పాటు కాబోలు, లోపలికి పోయే ప్రతివాడూ రెండు చేతులూ సత్యజలంలో ముంచి తీయాలి.

"దొంగ చెయ్యైతే నల్లబడుద్ది, దొర చెయ్యైతే తెల్లగుంటది. రాజగురువుల ఆజ్ఞ! ఊఁ, ముంచవయ్యా తాతా!"

చెంగల్వకు ముందు ఇద్దరి అవతల తోళ్లు నానబెట్టే ముసలాయన ఒకడు చేతులు ముంచాడు. తీసి చూసుకుని గొల్లుమన్నాడు. మోచేతుల దాకా మసిపూసినట్టు నలుపు. "బాబోయ్, నేనేం చెయ్యలేదు, నా తల్లి తోడు!" అంటుండగానే ఇద్దరు భటులు రెక్కలు పట్టి ఈడ్చుకుపోయారు. జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

తంగేడు చెక్క, అనుకుంది చెంగల్వ. తోళ్లు నానేసే తంగేడు చెక్కలోనూ కరక్కాయ వగరే ఉంది కదా! వెంటనే తన చేతుల వంక చూసుకుంది. పదిహేనేళ్లుగా కరక్కాయ తొట్టిలో మునుగుతున్న అరచేతులు, గోళ్ల సందుల్లో పసుపచ్చని చార. గంగాళంలో ముంచితే ఇవి నల్లబడడం కాదు, కాటుక డబ్బాలవుతాయి.

ముందు ఇద్దరే ఉన్నారు. వెనక్కి తిరిగితే భటులు పట్టుకుంటారు. ఏదో ఒకటి చెయ్యాలి. ఏమి చెయ్యాలి? చేతిలో ఏముంది?

చేతిలో నిమ్మకాయ ఉంది.

పింగళ దేశంలో వట్టి చేతులతో రాజసన్నిధికి పోవడం పెద్ద తప్పు. మంత్రి అయినా, మంగలి అయినా చేతిలో ఒక నిమ్మకాయ పట్టుకునే కొలువులో అడుగు పెట్టాలి. ఆ లెక్కన జనమంతా తలా ఒక నిమ్మకాయ పట్టుకుని నిలబడి ఉన్నారు. అద్దకాల వీధిలో కసిం చుక్క పడకూడని చోట పడితే ఏమి చేస్తారు? నిమ్మచెక్క పెట్టి రుద్దుతారు. పులుపు ముందు ఆ నలుపు నిలవదు. మరి నలుపు పుట్టకముందే పులుపు పట్టిస్తే?

ముందు ఒక్కడే మిగిలాడు. చెంగల్వ దగ్గు వచ్చినట్టు మోచెయ్యి అడ్డం పెట్టుకుని నిమ్మకాయను పళ్లతో చీల్చింది. మీసంలో రసం కారి పెదవి భగ్గుమంది. వెనక్కి చేతులు కట్టుకున్నట్టు నటిస్తూ అరచేతులూ వేళ్లూ గోళ్లూ మణికట్టూ రసంతో రుద్దింది, గింజలు కాలి కింద తొక్కింది.

"నువ్వు రారా కుర్రాడా!"

ముంచింది. చల్లటి నీళ్లు. బెల్లం వాసన. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చేతులు పైకి తీసింది. వేళ్ల నుంచి చుక్కలు కారుతున్నాయి. గండశిల వంగి, ఒక కన్ను మూసి, చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటి చివర ఎక్కడో సన్నని బూడిదరంగు జీర.

"శుభ్రం!" అన్నాడు గండశిల. వెంటనే కనుబొమలు ముడిచాడు. "నీ నిమ్మకాయేదిరా? ఇదా? ఇదేంటి, ఏడుస్తోందీ?"

"యువరాజుగారంటే దీనికి ప్రాణం అన్నా," అంది చెంగల్వ గొంతు లావు చేసి.

గండశిల ఒక్క క్షణం అలాగే చూసి, పొట్ట ఊగేలా నవ్వి, వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి తోశాడు. ఆ దెబ్బకు మీసం ఒక పక్క ఊడింది. అరచేత్తో అదుముకుని పరుగులాంటి నడకతో స్తంభాల మధ్య మాయమైంది చెంగల్వ.

వస్త్రమండపం గుమ్మం దగ్గర ఒకే ఒక్క కాపలావాడు. పక్కనే వీణ వాయించే పాలరాతి కిన్నెర విగ్రహం. దాని వెనక నక్కి ఎదురుచూసింది. ఇంతలో శంఖాలు భోరుమన్నాయి. ధూమకర్ణుడి ఊరేగింపు కొలువులోకి వస్తోంది. మాంత్రికుణ్ణి చూడాలన్న సరదా ఎవడికి లేదు? కాపలావాడు నాలుగడుగులు ముందుకు వేసి మెడ సాచాడు. చెంగల్వ పిల్లిలా లోపలికి దూరింది. లోపల చీకటి, ఒక్క ప్రమిద. వెండి పళ్లెంలో మడతపెట్టిన గుడ్డ. పాగా విప్పి, నాలుగు మడతలు పెట్టి పళ్లెంలో పెట్టింది. ఉన్న గుడ్డను తలకు చుట్టుకుంది. పది ఊపిరులు పట్టలేదు. బయటికి వచ్చేసరికి కాపలావాడి మెడ ఇంకా అటే సాగి ఉంది.

'అత్తా, నిన్ను కాపాడుకోలేకపోయాను. ఈయన్ని పోనివ్వను' అనుకుంది. చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది.

కొలువు కూటం ఎంత వైభవంగా ఉందని! నూట ఎనిమిది గంధపు స్తంభాలు, స్తంభాలకు ముత్యాల కుచ్చులు, నేల మీద నెమలి ఈక రంగు రాళ్లు. కప్పు మధ్యలో చక్రమంత కిటికీ, అందులోంచి సూర్యకిరణం నిలువుగా దిగుతోంది. ఆ కిరణం పడే చోట గుండ్రని ఇనపమూత. మూతకొక గొలుసు, ఆ గొలుసు పోయి రాజగురువు పీఠం పక్కన కొక్కేనికి తగులుకుని ఉంది. అదే పాతాళకూపం. మూత చుట్టూ సన్నని సందు. చెంగల్వ జనాన్ని తోసుకుంటూ ఆ దరిదాపులకు చేరింది. సందులోంచి వెచ్చని గాలి వస్తోంది. ముగ్గురు చచ్చిన చోట ఏ వాసన వస్తుందోనని ముక్కు మూసుకోబోయి ఆగిపోయింది. పులిసిన బెల్లం వాసన వస్తోంది. ఇదేమిటి?

ఆలోచించే తీరిక దొరకలేదు. ఖాళీ సింహాసనం పక్కన ముత్యాల కర్ర ఊతంగా కూర్చున్న రాజమాత శశాంకదేవి చెయ్యెత్తింది. ధూమకర్ణుడు లేచాడు. తాటిచెట్టంత మనిషి, మోకాళ్ల దాకా గడ్డం, చెవులకు పొగరంగు రాళ్లు. గొంతు విప్పితే మాత్రం ఏనుగు ఘీంకారానికి తేనె పూసినట్టుంటుంది. ఆ గొంతే అతడి బలం. దాన్ని కాపాడుకోవడానికి నిద్రలో కూడా బుగ్గన ఏదో చప్పరిస్తూ ఉంటాడని పట్నమంతా చెప్పుకుంటారు.

"దోషిని తీసుకురండి!"

సంకెళ్లతో ఉదయార్కుడు వచ్చాడు. ఏడాది కిందట బట్టల వర్తకుడి కొడుకునంటూ మారువేషంలో అద్దకాల వీధికి వచ్చి, నెల రోజులు పోలాంబ దగ్గర పని నేర్చుకున్న మనిషి ఇతడే. మూడు తొట్లు పాడుచేశాడు, మూడువందల ప్రశ్నలు వేశాడు, కసిం గుట్టు మాత్రం అతడికీ చెప్పలేదు. ఇప్పుడు ముఖం పీక్కుపోయి ఉన్నా కళ్లలో ఆ ఆరా తీసే చూపు పోలేదు. ఆ చూపు జనం మీదుగా సాగి చెంగల్వ దగ్గర ఆగింది. ఒక పక్కకు ఒరిగిన మీసం చూసి అతడి పెదవి వణికింది. చావు ముందర నవ్వు ఆపుకుంటున్నాడు మహానుభావుడు.

అతణ్ణి ఇనపమూత మీద నిలబెట్టారు. పళ్లెంలోని గుడ్డ విప్పి భుజాల మీద కప్పారు. దాని మీద ఎండ పడింది.

చెంగల్వ కళ్లు పెద్దవయ్యాయి.

గుడ్డ తెల్లగా లేదు. ఎండలో దంతపు రంగులో, పాలమీగడ రంగులో మెరుస్తోంది. అది కరక్కాయ రంగు.

ఎలా? ఎలా? నిన్న సాయంత్రం గంజి పోవడానికి ఉతికింది. ఉతికి, పిండి... పిండిన గుడ్డను చెయ్యి ఏమి చేసింది? తల నిండా భయం, మనసంతా కోటలోనే. చెయ్యి మాత్రం పదిహేనేళ్లుగా చేస్తున్న పనే చేసింది. ఉతికిన కొత్త గుడ్డను పక్కనున్న కరక్కాయ తొట్టిలో ముంచి, నాలుగుసార్లు తొక్కి, ఆరేసింది. అద్దకం మనిషి చెయ్యి తెల్లగుడ్డను ఊరికే వదలదు. తెల్లవారకముందే తలకు చుట్టుకుంది, మండపంలోనూ చీకటే, ఆ రంగు కంటికి ఆనలేదు.

"ఆగండి!" అని అరవబోయింది. అంతలోనే బంగారు చెంబులోంచి సత్యజలం ఉదయార్కుడి భుజాల మీద ధారగా పడింది. మొదట తడి. తర్వాత బూడిదరంగు. కళ్లముందే ఆ బూడిదరంగు ముదిరి, కారుమబ్బులా నల్లబడి, భుజాల నుంచి నడుము దాకా పాకింది. కూటమంతా ఒక్కసారి హాహాకారం చేసింది. రాజమాత కళ్లు మూసుకుంది. ధూమకర్ణుడు గొలుసు మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమ్మకాయ!"

తనే అరిచిందని చెంగల్వకు అరిచాక గానీ తెలియలేదు. జనాన్ని చీల్చుకుని మూత మీదికి దూకి, యువరాజు చెయ్యి పట్టుకుని నిలబడింది. మీసం పీకి అవతల పారేసింది. "మహాదేవీ! నేను అద్దకాల వీధి పోలాంబ మేనకోడల్ని, చెంగల్వని. ఒక్క నిమ్మకాయ పిండేంత సేపు ఆగండి. ఆ తర్వాత ఈయనతో పాటు నన్నూ తోసెయ్యండి!"

"పట్టండి దాన్ని!" ధూమకర్ణుడి గొంతుకు ముత్యాల కుచ్చులు అదిరాయి.

"ఆగండి," అంది రాజమాత. సన్నని గొంతే గానీ మనవడి ప్రాణం అందులో ఉంది. "ఏమి చేస్తావు నిమ్మకాయతో?"

"నేను చెయ్యను తల్లీ. నేను ముట్టుకుంటే మంత్రమంటారు. మీ చేతిలోనే ఉందిగా నిమ్మకాయ. కోసి, ఆ నలుపు మీద మీరే పిండండి."

ముసలామె కర్ర ఊతంతో మెట్లు దిగింది. భటుడి బాకుతో కాయ కోసి, మనవడి భుజం మీద పిండింది. రసం పడ్డచోట నలుపు సడలింది. గోధుమరంగైంది. పలచబడింది. చివరికి లేత పసుపచ్చని మచ్చ మాత్రం మిగిలింది. ఆమె నమ్మలేనట్టు వేలితో రుద్ది చూసింది.

"పాపం నిమ్మరసానికి పోతుందా గురువర్యా?" అని అడిగింది.

"క్షుద్రవిద్య! కళ్లకు గంతలు కడుతోంది!"

"అయితే అందరి కళ్లకూ కట్టాలిగా నేను?" చెంగల్వ కూటం వైపు తిరిగింది. "అయ్యా! అమ్మా! మీ అందరి చేతుల్లోనూ నిమ్మకాయలున్నాయి. నా మాట నమ్మొద్దు. వచ్చి చెయ్యి పెట్టి చూడండి!"

ముందువరుసలోంచి దండనాయకుడు లేచాడు. అతడి వెనక ఇద్దరు పూలవాళ్లు. ఇక చూడండి, తోపులాటే! ఒకడు యువరాజు వీపున పిండాడు, ఒకామె చేతి దగ్గర పిండింది. నలుపు పోయినప్పుడల్లా "అదిగో! పోయింది!" అని కేరింతలు. గుమ్మం వదిలి వచ్చేసిన గండశిల, "జరగండ్రా, నన్ను చూడనియ్యండి! నా కాయ పెద్దది!" అంటూ మొత్తం రసం యువరాజు నెత్తిన పిండేశాడు. ఉదయార్కుడు కళ్లు మండి మొహం చిట్లించుకున్నాడు గానీ నోరు మూసుకోలేదు. "చెంగల్వా, పోయిన నలుపును మళ్లీ తెప్పించగలవా?" అని అడిగాడు. ప్రాణం మీదికొచ్చినా ప్రశ్న మానడు!

చెంగల్వకు వీధి కట్టుబాటు గుర్తుకొచ్చింది. ఇప్పుడు నోరు విప్పితే మళ్లీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు. విప్పకపోతే యువరాజు బతకడు. ఇన్నాళ్లూ గుట్టు దాచబట్టే కదా ఈ ధూమకర్ణుడు దేవుడై కూర్చున్నాడు అనుకుంది. కోపం వచ్చింది, ఆ కోపంలోనే అంతా చెప్పేసింది. కుండ, తుప్పు, బెల్లం, కరక్కాయ, గేదెపాలు, నానబెట్టిన నాలుగు గుడ్డలు, తన చేతులు.

"గుమ్మం దగ్గర పట్టుకున్న ముసలాయన తోళ్లు నానేసేవాడు తల్లీ, దొంగ కాదు. కరక్కాయ గానీ, తంగేడు చెక్క గానీ, వగరున్నది ఏది ఈ నీళ్లను తాకినా నలుపే. తాకకపోతే ఏమీ లేదు. ఇదిగో!" బంగారు చెంబు అందుకుని ఒక గుక్క తాగి, నాలుక బయటపెట్టి చూపించింది. ఎర్రగా ఉంది. "ఉదయం నుంచి నేను ఏ వగరూ తినలేదు. మీ గురువుగారిని కూడా ఒక్క గుక్క తాగమనండి. ఆయనకంటే సత్యవంతులు ఎవరున్నారు?"

"తాగండి గురువర్యా," అంది రాజమాత. జనం కూడా అందుకున్నారు. తాగాలి, తాగాలి!

ధూమకర్ణుడు నవ్వాడు. ఎందుకు నవ్వడు? కాయించింది తనే, అందులో ఏముందో తెలిసింది తనకే. పొద్దుటినుంచి అన్నం కూడా ముట్టలేదు. చెంబెత్తి, గడగడా సగం తాగి, మూతి తుడుచుకుని, చెయ్యెత్తి గర్జించాడు. "చూడండి, ధూమకర్ణుడి నాలుక..."

గండశిల, "ఓరి నాయనో! బొగ్గు!" అన్నాడు.

నాలుక, పళ్లు, పెదవులు, గడ్డం మీద కారిన చార, అంతా నలుపే. ధూమకర్ణుడు వేలితో నాలుక తాకి చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, బుగ్గలోంచి ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా గొంతు కోసం చప్పరిస్తున్న కరక్కాయ ముక్క. ఉన్నదన్న సంగతే మరిచిపోయిన ముక్క. చెంగల్వకు ఒక్క క్షణం అతడి మీద జాలేసింది. చేతి అలవాటు ఎంత పని చేస్తుందో ఆమెకు తెలుసు.

"పట్టండి వీళ్లని! తోయండి కూపంలోకి!" అదే గొంతు, అదే గర్జన. కానీ మాట మాటకూ ఆ నల్లని నాలుక ఆడుతుంటే భటులు దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒక్కడూ కదల్లేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మంత్రాలన్నిటికంటే గట్టిగా తగిలింది మాంత్రికుడికి.

"ధూమకర్ణుణ్ణి బంధించండి," అంది రాజమాత.

"బంధించేలోపు, మీ వంశం నాతోనే!" ఒక్క గెంతులో పీఠం దాటి గొలుసు లాగాడు ధూమకర్ణుడు.

కాళ్ల కింద మూత తటాలున విడింది. ఉదయార్కుడు సంకెళ్లతో సహా జారిపోయాడు. చెంగల్వ అంచు మీదికి దూకి, పడుకుని, అతడి ఒంటి మీది గుడ్డ చెంగు రెండు చేతులా దొరకపుచ్చుకుంది. క్షణంపాటు గుడ్డ నిలిచింది, ఆ వెంటనే బరువు ఆమెను కూడా లోపలికి లాగింది. పైన గండశిల ఆమె పాదం కోసం చెయ్యి చాచాడు. అతడి వేళ్లకు ఆమె మడమ తగిలింది. కానీ ఆ మడమ నిండా నిమ్మరసమే. జర్రున జారింది.

ఇద్దరూ చీకట్లోకి పడ్డారు. పడడం కాదు, జారడం. నిలువుగా ఉందనుకున్న కూపం కొంత లోతున వంకర తిరిగి, పాకుడు పట్టిన రాతి జారుడుగా మారింది. గోడలు రయ్యిన పైకి పోయాయి. పైన వెలుతురు చిన్నదై, చిన్నదై, ఇనపమూత దభాలున పడగానే ఆరిపోయింది. ఏదో మెత్తని దాని మీద ధబ్బున పడ్డారు. తడిసిన గోనె కుప్పలు.

ఉదయార్కుడు సంకెళ్లతోనే తడుముకుంటూ లేచాడు.

"చెంగల్వా, బతికున్నావా?"

"ఉన్నాను రాజకుమారా."

"మరి ఆ నలుపు... నిమ్మరసం పడగానే ఎక్కడికి పోయింది?"

"ఇప్పుడా అడిగేది!" అంది గానీ, ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి కూర్చుంది. పులిసిన బెల్లం వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఇక్కడ అది గాలి అంత దట్టంగా ఉంది. చెయ్యి చాపితే చల్లని కుండ తగిలింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. దూరాన మినుకుమనే దీపం వెలుతురులో వరసలు వరసలుగా వందల కుండలు కనిపించాయి. ఒక్క కొలువుకు చెంబెడు చాలే! ఇన్ని కుండలెందుకు? పట్నం పట్నాన్నే దోషుల్ని చెయ్యబోతున్నాడా? అయినా ఇన్ని కుండలూ కాస్తున్నదెవరు?

గొలుసులు గలగలమన్నాయి. దీపం కదిలింది. లేఖకుడివీ వైద్యుడివీ కాబోలు, రెండు నీడలు గోడ మీద లేచాయి. వాటి ముందు, నడుం వంగిన ఇంకొక నీడ. దగ్గుతూ, విసుక్కుంటూ ఒక గొంతు వినిపించింది.

"ఎవరే అది, కుండల్లో పడ్డది? అందులో నీళ్లు ఊరాయో లేదో చెయ్యి పెట్టి చూశావటే?"

చెంగల్వ గోనెల మీదనుంచి పాక్కుంటూ పోయి ఆ కాళ్లు చుట్టేసుకుంది. కాళ్లకు ఇనపకడియాలు, కడియాల మధ్య గొలుసు. అయినా కాళ్లు వెచ్చగా ఉన్నాయి.

"చూశానత్తా," అంది ఏడుస్తూ. "పైన అందరిచేతా పెట్టించాను. గుట్టంతా చెప్పేశాను."

పోలాంబ దీపం కిందికి దించి మేనకోడలి చేతులు తిప్పి చూసింది. గోటి చివరనున్న సన్నని బూడిదరంగు జీరను బొటనవేలితో రుద్దింది. "మంచిపని చేశావు," అంది. తర్వాత తల పైకెత్తి చెవి రిక్కించింది. రాతిగోడల వెనక ఎక్కడో తలుపు ఎత్తిన చప్పుడు, దాని వెంట నదిలాంటి హోరు. "ఆ మాంత్రికుడు నది తూము వదిలాడు, మనల్ని ముంచెయ్యడానికి. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ఇంకా ఎన్ని నిమ్మకాయలున్నాయో చెప్పు. ఈ గొలుసులు తుప్పుపట్టి చాలా రోజులైంది, పులుపు తగిలితే తుప్పు కరిగి కీళ్లు వదులుతాయి."

ఉదయార్కుడు తడుముకుని, నడుం మడతలో ఎవరో దోపిన ఒకే ఒక్క కాయ బయటికి తీశాడు. నీళ్లు అప్పటికే పాదాలను తాకాయి.